లెక్కపెట్టే చెయ్యి, పలికించే చెయ్యి

కోతలు ముగిసి కొత్త ధాన్యం ఇళ్లకు చేరే చలికాలంలో, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు పల్లెలలో రోజుల తరబడి ఒక కథాగానం సాగుతుంది. దాని పేరు లఛ్‌మీ జగార్. వరి పంటనే లక్ష్మిగా భావించి, ఆమెకు నారాయణునితో వివాహం జరిపించే గాథ అది. శివరాత్రికి తెలుగువారు చేసే జాగారమూ, అక్కడి జగారూ ఒక్క మాట నుంచి పుట్టినవే. ఆ మాటకు వస్తే బస్తరు తెలుగువారికి పరాయి నేల కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అక్కడికి వెళ్లి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశ గాథలు చెబుతున్నాయి.

జగార్ పాడేవారు స్త్రీలు. వారిని గురుమాయిలంటారు. ఇద్దరు గురుమాయిలు పక్కపక్కన కూర్చుని, హల్బీ భాషలో కథ ఎత్తుకుంటారు. వారి ముందున్న వాద్యాన్ని మొదటిసారి చూసినవారు అది వాద్యమని పోల్చుకోలేరు. నేల మీద గడ్డితో చుట్టిన కుదురు. కుదురు మీద మట్టికుండ. కుండ మూతి మీద చేట. చేట మీద ఒక కొన ఆనించిన పొడవైన విల్లు. వింటికర్ర మీద ఒకచోట వరుసగా గాట్లు కోసి ఉంటాయి. గురుమాయి కుడిచేతిలోని వెదురుబద్దతో ఆ గాట్ల మీద రాస్తుంది. ఎడమచేత్తో అల్లెతాడును లాగి విడుస్తుంది. గాట్ల మీద ‘ఛర్ర్, ఛర్ర్’ అని లయ నడుస్తుంది. తాడు కంపనం చేట గుండా కుండలోకి దిగి, ‘ఘుమ్’మని నిండుగా పైకి వస్తుంది.

దీని పేరు ధన్‌కుల్. ధనువంటే విల్లు, పొరుగున ఉన్న ఒడియాలో కులా అంటే చేట. ఆ రెండు మాటలూ కలిసి ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఇందులో అంగడిలో కొన్న సంగీత పరికరమేదీ లేదు. వంటింటి కుండ, వడ్లు చెరిగే చేట, అడవిలో దొరికే వెదురు. అయినా ఇది ఆషామాషీ కూర్పు కాదు. గురుమాయి రెండు చేతులూ రెండు వేరువేరు పనులు చేస్తున్నాయన్నది గమనిస్తే, ఇరవయ్యో శతాబ్దంలో విద్యుత్ వాద్యాలను రూపొందించినవారు చాలాకాలం పెనుగులాడిన ఒక చిక్కు ఇక్కడ చేతివేళ్ల మీద విడిపోతున్నదని తెలుస్తుంది.

రెండు స్వభావాలు

కుడిచేతి పని లెక్కకు సంబంధించినది. గాటు ఉన్నచోట బద్ద తట్టుకుంటుంది, లేనిచోట జారుతుంది. మధ్యస్థమైన స్థితి లేదు. సెకనులో అయిదోవంతు కాలంలో బద్ద పన్నెండు గాట్లు దాటితే, ఆ వేగం సెకనుకు అరవై తట్లు అవుతుంది. ఇది అంకెలలో చెప్పదగిన సంగతి.

ఎడమచేతి పని అటువంటిది కాదు. తాడును ఎంత లాగారు, ఎక్కడ విడిచారు, కుండ గోడ ఎంత మందం, చేట ఎంత బిగువుగా అల్లినది, వీటన్నిటి మీదా ఆ ‘ఘుమ్’ ఆధారపడి ఉంటుంది. అది ఒక్కసారిగా పెరిగి, మెల్లగా తగ్గి, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగుతుంది. అక్కడ లెక్కపెట్టడానికి గాట్లు లేవు. నీటి వలె ఎడతెగని ప్రవాహం ఉన్నది.

విద్యుత్ పరికరాల భాషలో మొదటి స్వభావాన్ని డిజిటల్ అనీ, రెండవదానిని అనలాగ్ అనీ అంటారు. పోలికను మరీ దూరం లాగరాదు. వెదురుబద్ద రాపిడిలోనూ ప్రవాహగుణం ఉంటుంది. కానీ పని విభజన మాత్రం స్పష్టమే.

విద్యుత్తుతో ధ్వనులను కూర్చే యంత్రాన్ని సింథసైజర్ అంటారు. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో రూపొందించిన యంత్రం వీటిలో పేరుమోసినది. అది పూర్తిగా అనలాగ్. అందులో స్వరాన్ని శాసించేది వోల్టేజీ. ఒక వోల్టు పెంచితే ప్రకంపనల సంఖ్య రెట్టింపవుతుంది. అంటే ఒక పూర్తి స్థాయి పైకి వెళ్లినట్లు. ఆ స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలలో ఒక్కొక్కదానికి వోల్టులో పన్నెండోవంతు, అనగా సుమారు 83 మిల్లీవోల్టులు. ఎంతో అందమైన ఏర్పాటు. కానీ దీనికి ఎండ పడదు.

కారణం ట్రాన్సిస్టర్. వోల్టులను రెట్టింపు లెక్కలోకి మార్చే పని దానిదే. ఆ గుణకారం గది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది: ఒక డిగ్రీకి నూటికి మూడోవంతు చొప్పున. ఇది స్వల్పమే కదా అనిపించవచ్చు. తగిన జాగ్రత్తలు లేని యంత్రానికి ఉదయం 25 డిగ్రీల వద్ద శ్రుతి కూర్చి, మధ్యాహ్నం 35 డిగ్రీల వద్ద వాయిస్తే, ఆధారస్వరానికి మూడు స్థాయిల పైనున్న స్వరం ఒక స్వరస్థానం కంటే ఎక్కువగా దిగజారుతుంది. షడ్జం పలకవలసినచోట నిషాదం పలికిందన్నమాట! వేడికి తగినట్లు తన విలువ మార్చుకునే ప్రత్యేకమైన రెసిస్టరును చేర్చి దీనిని సరిదిద్దుతారు. అయినా పాత అనలాగ్ యంత్రాలు వాయించినవారికి మాటిమాటికీ శ్రుతి సరిచూసుకోవడం అలవాటుగా మారింది.

అంకెల యంత్రానికి ఈ బాధ లేదు. దానిలోని గడియారం ఒక స్ఫటికపు ముక్క. మామూలు వేడిలో దాని గతి పదిలక్షలకు కొన్ని పదుల వంతులే మారుతుంది. ఏ సంగీత విద్వాంసుని చెవికీ అది అందదు. లెక్క కూడా సులువైనదే. సున్న నుంచి 65,535 వరకు తిరిగి మళ్లీ సున్నకు వచ్చే ఒక లెక్కింపు చక్రాన్ని ఊహించుకోవాలి. గడియారం సెకనుకు 40,000 సార్లు కొట్టినప్పుడల్లా దానికి 721 కలుపుతూ పోతే, చక్రం సెకనుకు ఇంచుమించు 440 సార్లు తిరుగుతుంది. అది ప్రపంచమంతటా వాద్యాలకు శ్రుతి కూర్చుకునే ప్రమాణస్వరం. ఎండైనా వానైనా అది 440 గానే ఉంటుంది.

కానీ ఈ పద్ధతికి వేరొక జబ్బు ఉన్నది. సినిమాలో బండి వేగం అందుకున్నప్పుడు చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్లు కనిపించడం అందరూ చూసినదే. కెమెరా సెకనుకు కొన్ని బొమ్మలు మాత్రమే తీస్తుంది గనుక, వాటికి అందని వేగం అబద్ధపు వేగంగా కనబడుతుంది. ధ్వనిలోనూ ఇంతే. సెకనుకు 40,000 సార్లు కొలిచే యంత్రం 20,000కు పైబడిన కంపనాన్ని సరిగా చూపలేదు. 24,000 కంపనం దానిలో 16,000 కంపనంగా పలుకుతుంది. పదునైన స్వరాలలో ఇటువంటి దొంగ స్వరాలు చేరి, గాజు మీద గోరు గీసినట్లు వినబడతాయి. పైగా అంకెల నుంచి వచ్చే తరంగం నునుపైన వంపు కాదు, మెట్లుమెట్లుగా ఉంటుంది.

ఒకదానికి నిలకడ లేదు; మరొకదానికి నునుపు లేదు. అయితే రెండింటినీ జతచేస్తే?

జత కుదిరిన కథ

ఈ ఆలోచన కంప్యూటర్లు ఇంకా గదిని నింపేంత పెద్దవిగా ఉన్న రోజులలోనే వచ్చింది. అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో మాక్స్ మాథ్యూస్, రిచర్డ్ మూర్ కలిసి గ్రూవ్ అనే ఏర్పాటును రూపొందించి, 1970లో దాని వివరాలు ప్రకటించారు. అందులో కంప్యూటరు ధ్వనిని పుట్టించదు. మీటల కదలికలను జ్ఞాపకం ఉంచుకుని, అనలాగ్ యంత్రాలకు వోల్టులను పంపుతుంది. లెక్క కంప్యూటరుది, నాదం అనలాగ్‌ది. 1982లో జపాను నుంచి వచ్చిన రోలాండ్ జూనో వాద్యంలో స్వరానికి గడియారపు కట్టుబాటు, నాదానికి అనలాగ్ ఫిల్టరు ఉండేవి. శ్రుతి తప్పదు, తీపి తగ్గదు అని దానికి పేరు వచ్చింది.

ఈ కథలో తెలుగు పాఠకుని చెవికి ఇంపైన పేరు ఒకటి ఉన్నది. పారిస్‌లో ఎమిలీ జిల్లే అనే ఇంజనీరు 2010లో, ఇంట్లోనే టంకం పెట్టి అతికించుకోదగిన ఒక చిన్న సంకర వాద్యాన్ని రూపొందించారు. దానికి పెట్టిన పేరు ‘శ్రుతి-1’. చవకైన 8 బిట్ల చిప్పు అంకెలతో స్వరాన్ని తయారుచేస్తుంది. ఆపైన అనలాగ్ ఫిల్టరు దానిని నునుపు చేస్తుంది. ఫిల్టరు పలకను తీసి, వేరొక రకం పలకను అమర్చుకునే వీలు కూడా కల్పించారు. అంతకంటే ముఖ్యమైన విషయం: దాని పటాలనూ, ప్రోగ్రామునూ అందరికీ ఉచితంగా తెరిచి ఉంచారు. 2022లో ఆ సంస్థ మూతపడింది. అయినా వాద్యం మూగబోలేదు. పటం చూసి చేసుకునేవారు ఇప్పటికీ చేసుకుంటూనే ఉన్నారు.

ఇంటి బల్ల మీద ధన్‌కుల్

ఇటువంటి వాద్యభాగాన్ని ఒకటి స్వయంగా రూపొందించుకోదలచినవారికి ధన్‌కుల్ కంటే మంచి పటం దొరకదు. వరుసగా చూస్తే పని తేటపడుతుంది.

మొదటిది గాట్ల కర్ర. దీని స్థానంలో ఒక చిన్న మైక్రోకంట్రోలరు చిప్పు, దానికొక స్ఫటికం. లయను ఒకట్లుగా, సున్నలుగా దానిలో రాసుకోవాలి. ఒకటి ఉన్నచోట తట్టు, సున్న ఉన్నచోట మౌనం. ఇక్కడ చేయరాని పొరపాటు ఒకటున్నది. తట్ల క్రమాన్ని చిప్పుకు ఇవ్వాలి గాని, వాటి వేగాన్ని పూర్తిగా దానికే అప్పగించరాదు. గురుమాయి చెయ్యి కథలో దుఃఖం వచ్చినచోట నెమ్మదిస్తుంది, పెళ్లి వేడుక వచ్చినచోట పరుగెత్తుతుంది. అందుకని వేగానికి ఒక తిప్పే మీటను వాయించేవారి వేళ్లకు అందుబాటులో ఉంచాలి.

రెండవది అంకెను వోల్టుగా మార్చే మెట్లవరుస. దీనికి రెండే విలువల రెసిస్టర్లు చాలు: పదివేల ఓములవి కొన్ని, ఇరవైవేల ఓములవి కొన్ని. నిచ్చెన వలె కూరిస్తే 8 బిట్ల అంకె 256 మెట్లలో ఒక వోల్టుగా పైకి వస్తుంది. అన్నిటికంటే పై బిట్టుకు కట్టిన రెసిస్టరు చాలా కచ్చితంగా ఉండాలి. నూటికి ఒకటి తేడా ఉన్న మామూలు సరకు వాడితే అది మెట్టుకు మించిన పొరపాటు చేసి, పై మెట్టు కింది మెట్టు కంటే పొట్టిదయ్యే వింత కూడా జరగవచ్చు. మీటరు పెట్టి కొలిచి, సమానమైనవాటిని ఏరుకోవడం మంచిది.

మూడవది కుండ. ఇదే ఈ వాద్యానికి ప్రాణం. ఆప్-ఆంప్ చిప్పు, కెపాసిటర్లు, రెసిస్టర్లతో కట్టిన ఫిల్టరు దీని స్థానంలో నిలుస్తుంది. లక్ష ఓముల రెసిస్టర్లు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేస్తే దాని సహజ కంపనం సెకనుకు సుమారు 159 అవుతుంది. బయటికి వచ్చిన ధ్వనిలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి తిప్పి పంపితే, ఆ కంపనం దగ్గర ఫిల్టరుకు ఒక మోజు ఏర్పడుతుంది. ఇప్పుడు చిప్పు నుంచి ఒక్క తట్టు పంపితే చాలు. ఫిల్టరు కుండ వలె మోగి, మెల్లగా చల్లారుతుంది. తిప్పి పంపే పాలు తక్కువైతే ‘టక్’మని ఆగిపోతుంది. ఎక్కువైతే తట్టకుండానే కూస్తూ ఉంటుంది. ఆ రెండింటి నడుమ ఒక చోట ‘ఘుమ్’ ఉన్నది. దానిని ఏ లెక్కా కచ్చితంగా చెప్పదు. మీట తిప్పుతూ చెవితో పట్టుకోవలసినదే. కుమ్మరివాని దగ్గర కుండను వేలితో తట్టి చూసి కొనుక్కున్నట్లే.

నాల్గవది చేట. తాడు కంపనాన్ని కుండకు అందించే మధ్యవర్తి అది. విద్యుత్ పలక మీద ఈ పని చేసేది రెండు భాగాల మధ్యనున్న చిన్న బఫరు. ఇక్కడే కొత్తవారు ఎక్కువగా దెబ్బతింటారు. అంకెల చిప్పు సెకనుకు లక్షల సార్లు మారుతూ, విద్యుత్ తీగలోకి తన రొదను వదులుతుంది. అనలాగ్ భాగానికీ దానికీ ఒకే తీగ మీద భూమిని కలిపితే, నాదం వెనుక కీచురాయి కూసినట్లు ఒక సన్నని శబ్దం ఆగకుండా వినబడుతుంది. రెండింటి భూమి తీగలను వేరువేరుగా నడిపి, విద్యుత్ సరఫరా వద్ద ఒక్కచోట మాత్రమే కలపాలి. ప్రతి చిప్పు పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి అతికించాలి. అత్తాకోడళ్లకు ఇల్లు ఒకటే అయినా పొయ్యిలు వేరు పెట్టినట్లు, ఈ ఏర్పాటుతో రెండూ పోట్లాట లేకుండా పనిచేస్తాయి.

చేసేవారు ఊళ్లో ఉంటే

ఇంత శ్రమ దేనికి, వాద్యాన్ని కొనుక్కోవచ్చు కదా అని అడిగేవారుంటారు. మన దేశంలోనే జరిగిన ఒక ఉదంతం దీనికి కొంత సమాధానం చెబుతుంది.

1969లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో వెలసింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ మూగ్ యంత్రాన్ని అమర్చాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివారు దాని మీద ఎన్నో ప్రయోగాలు చేశారు. ప్రపంచంలో చాలా దేశాలకు అటువంటి యంత్రం ఇంకా చేరని రోజులవి. 1972 వరకు వారు రికార్డు చేసిన టేపులు తరువాత దశాబ్దాల పాటు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటిష్ సంగీతకారుడు పాల్ పర్గాస్ వాటిని వెలికితీసి శ్రద్ధగా పరిశోధించిన మీదట, 2023లో వాటిలో కొన్ని లోకానికి వినిపించాయి. ఆ టేపులు విన్నవారికి సంతోషంతో పాటు ఒక ప్రశ్న కూడా కలుగుతుంది: ఇంత చక్కని ఆరంభం ఊరూరా ఎందుకు పాకలేదు? ఆ యంత్రం సముద్రాలు దాటి వచ్చింది. దాని వంటి రెండవదానిని చేసే చెయ్యి, పాడైతే బాగుచేసే చెయ్యి చుట్టుపక్కల తయారు కాలేదు.

దీనికి పక్కన మరొక ఉదాహరణను ఉంచి చూడాలి. 1979లో బెంగుళూరు ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను తయారుచేశారు. అది మూగ్ యంత్రమంత ఘనమైనది కాదు. కానీ దక్షిణాది సంగీతానికి ఏమి కావాలో తెలిసిన చెయ్యి, ఇక్కడే దొరికే సామగ్రితో చేసినది. అటువంటి శ్రుతిపెట్టె లేని సంగీతపాఠశాల నేడు అరుదు.

బస్తరుకు తిరిగి వస్తే, అక్కడి ప్రశ్న మరింత లోతైనది. ధన్‌కుల్ ధ్వనిని రికార్డు చేసి పెట్టెలో దాచడం నేడు పిల్లలకు కూడా సాధ్యమే. కుండ పగిలితే సంతలో మరొకటి దొరుకుతుంది. చేట చిరిగితే కొత్తది అల్లుతారు. గురుమాయి మనసులోని కథకు మాత్రం మారుకుండ లేదు. రోజుల తరబడి సాగే ఆ గాథ కాగితం మీద పుట్టినది కాదు. ఒక గురుమాయి నోటి నుంచి మరొకరి చెవిలో పడి నిలిచినది. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ తన జీవితంలో ఎక్కువ భాగాన్ని ఇటువంటి గాథలను వినడానికీ, రాసి పెట్టడానికీ వెచ్చించారు. గురుమాయి సుక్‌దాయి పాడిన లఛ్‌మీ జగార్‌ను ఆయన, ఆస్ట్రేలియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి 2003లో గ్రంథంగా వెలువరించారు. ఆ పుస్తకం కథకు పటం వంటిది. పటం ఉన్నంతకాలం, చేయగల చెయ్యి దొరికితే వాద్యం మళ్లీ పలుకుతుంది. చెయ్యే లేకపోతే పటం బీరువాలో ఉంటుంది.

ఇంట్లో ఒక సంకర వాద్యాన్ని రూపొందించే యువకుడో, యువతియో ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు. పని ముగిసిన రోజున పటాన్ని శుభ్రంగా మళ్లీ గీసి, ఏ రెసిస్టరు ఎందుకు వేశారో పక్కనే రాసి, పొరుగింటి పిల్లవానికో బడి మాస్టారికో ఒక ప్రతి ఇవ్వాలి. వీలైతే రెండవ వాద్యాన్ని వారిచేతనే చేయించాలి. మొదటిది పాడైన రోజున దానిని బాగుచేయడానికి ఎవరి కోసమూ ఎదురుచూడవలసిన అవసరం ఉండదు.

గురుమాయిలు ఎప్పుడూ జతగానే కూర్చుంటారు. పెద్ద గురుమాయి ఎత్తుకున్న చరణాన్ని పక్కనున్నామె అందుకుంటుంది. ఆమె చేతిలోనూ ఒక వెదురుబద్ద ఉంటుంది. ఆమె ముందు కూడా ఒక కుదురు, ఒక కుండ, ఒక చేట, ఒక విల్లు.